నాలుగు వేలలో మెట్రోకీ, ఆఫీసు కాల్స్‌కీ, నాన్నగారి టీవీకీ ఒకే రకం వైర్‌లెస్ బడ్స్ సరిపోతాయా?

నాగోల్_నుంచి_రాయదుర్గం
ఇన్నాళ్లూ వైరు ఇయర్‌ఫోన్లే వాడాను. కొత్త ఫోనుకి ఆ పిన్ను పెట్టే రంధ్రమే లేదు, ఇక మారక తప్పదు. పొద్దున నాగోల్‌లో మెట్రో ఎక్కితే రాయదుర్గం చేరేసరికి దాదాపు గంట. ఆ రొదలో పాట వినాలంటే వాల్యూమ్ చివరిదాకా పెంచాల్సి వస్తోంది. ఆఫీసులో లాప్‌టాప్ మీద రోజుకి మూడు గంటల కాల్స్. ఇది కాక తెనాలిలో మా నాన్నగారు (68 ఏళ్లు) టీవీ సౌండు 45లో పెట్టి చూస్తారు, అమ్మకి తలనొప్పి. ఆయనకీ ఒక జత కొని టీవీకి కలిపేద్దామని నా ఆలోచన. ఇద్దరికీ ఒకటే మోడల్ అయితే నేర్పడం తేలిక. జతకి నాలుగు వేలు పెట్టగలను. వారం నుంచి వీడియోలు చూస్తున్నాను, ఎవరి చేతిలో ఉన్నది వాళ్లకి బెస్ట్. మూడు షాపులు తిరిగితే మూడు పేర్లు చెప్పారు. వాడినవాళ్లు చెప్పండి.

వేపచెట్టు_నీడ
ఆ రేటుకి నాయిస్ క్యాన్సిలింగ్ (బయటి రొదని తగ్గించే ఏఎన్‌సీ) ఉన్నవి బోలెడు. వన్‌ప్లస్, రియల్‌మీ, సీఎంఎఫ్ అన్నిట్లో దొరుకుతాయి. డబ్బా మీద రొద ఎంత తగ్గుతుందో చెప్పే డెసిబెల్ నంబరు ఏది పెద్దదైతే అది తీసుకోండి, అంతే.

బెజవాడ_బ్యాటరీ
ముందు మూడు సంగతులు చెప్పండి. ఆండ్రాయిడా ఐఫోనా? చెవి రంధ్రం చిన్నదా పెద్దదా? ఒక్కసారి పెట్టుకుంటే ఎంతసేపు తీయరు? బ్రాండు పేరు ఆ తర్వాత మాట్లాడుకుందాం.

సిగ్నల్_మాస్టారు
వేపచెట్టు గారూ, ఆ నంబరు చూసి మాత్రం కొనిపించకండి. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్తాను, పిల్లలు ఏటా అడిగే ప్రశ్నే ఇది. బడ్ బయటివైపు ఉన్న మైకు చుట్టుపక్కల రొదని పట్టుకుంటుంది. లోపలి చిప్ దానికి సరిగ్గా తిరగబడిన తరంగాన్ని తయారుచేసి చెవిలోకి వదులుతుంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఏకధాటిగా సాగే మంద్రమైన హోరు మీద ఇది చక్కగా పనిచేస్తుంది. ఏసీ, బస్సు ఇంజను, విమానం, మెట్రో పెట్టె కింద చక్రాల గుర్రు, అన్నీ అలాంటివే. పక్కనున్నాయన ఫోన్‌లో మాట్లాడే మాట, బ్రేకు కీచుమనడం, హారన్ వేరే జాతి. అవి క్షణక్షణం మారతాయి, ఫ్రీక్వెన్సీ ఎక్కువ, తరంగం పొడవు తక్కువ. చిప్ ఏమాత్రం ఆలస్యం చేసినా లెక్క తప్పుతుంది. వాటిని ఆపేది చెవిలో బిగుతుగా కూర్చున్న రబ్బరు మాత్రమే. డబ్బా మీద వేసేది ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర వచ్చిన గరిష్ఠం, అన్ని చప్పుళ్లకీ వర్తించే మాట కాదు.

కరీంనగర్_కాకా
మాస్టారు రబ్బరు గురించి చెప్పిందే అసలు ముచ్చట. నేను వారానికొక్కపారి కరీంనగర్ నుంచి సికింద్రాబాద్ జేబీఎస్‌కు ఆర్టీసీ బస్సుల వస్త. ఏఎన్‌సీ ఉన్నయని మస్తు పైసలు వెట్టి కొన్న. ఇంజిన్ సప్పుడు ఎప్పటిలెక్కనే ఇనవడ్డది. నెల రోజులు గట్లనే వాడిన. మా బిడ్డ జూసి, నాయినా ఎడమ చెవుల రబ్బరు లూజున్నదని మార్చింది. డబ్బాల మూడు సైజులిస్తరు, మనం దాంట్ల ఉన్నది ఉన్నట్టు పెట్టుకుంటం. మార్చినంక, ఏఎన్‌సీ ఆన్ చెయ్యకముందే సగం సప్పుడు వోయింది.

గోరింటాకు
కాకా, ఆ మూడు సైజుల్లో చిన్నది కూడా పట్టని చెవులున్నాయి, నావి. తల తిప్పితే జారిపోతాయి, నవ్వితే జారిపోతాయి. రెండు జతలు మార్చాక విడిగా అమ్మే ఎక్స్‌ట్రా స్మాల్ టిప్పులు తెప్పించుకున్నాను, అప్పుడు కుదిరింది. రబ్బరు లేకుండా చెవి అంచున కూర్చునే రకం నాకు హాయిగానే ఉంటుంది కానీ బయటి చప్పుడంతా లోపలికొస్తుంది. మెట్రో కోసమైతే అవి వద్దు.

సిగ్నల్_మాస్టారు
బిగుతు కుదిరిందో లేదో తెలుసుకోవడం తేలికే. రెండూ పెట్టుకుని, ఏమీ ప్లే చేయకుండా, నోరు మూసుకుని ‘ఊఁ’ అనండి. మీ గొంతు తల లోపల గుమ్మటంలో మోగినట్టు మోగాలి, అదీ రెండు చెవుల్లో ఒకేలా. ఒక పక్క పలచగా ఉంటే ఆ పక్క టిప్పు మార్చండి. బేస్ (మంద్రధ్వని) రావట్లేదనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. సందు ఉంటే ముందు జారిపోయేది బేసే.

నాగోల్_నుంచి_రాయదుర్గం
బెజవాడ అన్నా, ఫోను ఆండ్రాయిడ్, లాప్‌టాప్ విండోస్. చెవులెప్పుడూ కొలుచుకోలేదు. ఒక్కసారికి గంట, గంటన్నర. మాస్టారూ, పాత వైరువాటితో ‘ఊఁ’ అని చూశాను. కుడివైపు మోగింది, ఎడమవైపు లేదు!

రాత్రి_షిఫ్ట్_రాణి
కాల్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు. మీకు మూడు గంటలే, నాకు ఎనిమిది. లాప్‌టాప్‌కి బడ్స్ కలిపి మీటింగులో చేరగానే అవతలివాళ్ల గొంతు బావిలోంచి వచ్చినట్టవుతుంది, పాట వినేటప్పటి నాణ్యత ఉండదు. బడ్స్ పాడయ్యాయని నేను ఒక జత వెనక్కి కూడా పంపాను. అసలు కారణం వేరే. బ్లూటూత్‌లో పాటకి ఒక దారి, కాల్‌కి ఇంకో దారి. మైకు ఆన్ అయిన క్షణం కాల్ దారికి మారుతుంది. అక్కడ సాధారణంగా ధ్వనిని సెకనుకి 8 వేలసార్లు (8 కిలోహెర్ట్జ్), బడ్స్‌లోనూ లాప్‌టాప్‌లోనూ ఆ సౌకర్యం ఉంటే 16 వేలసార్లు మాత్రమే కొలిచి పంపుతుంది, స్టీరియో ఉండదు. ఖరీదైనవి కొన్నా ఈ దారిలో వెళ్తే చాలావరకు ఇంతే.

నేను చేసేది: మీటింగు సెట్టింగుల్లో స్పీకర్ దగ్గర బడ్స్, మైకు దగ్గర లాప్‌టాప్ సొంత మైకు ఎంచుకుంటాను. అప్పుడు బడ్స్ పాట దారిలోనే ఉండిపోతాయి, గొంతులు తేటగా వస్తాయి. నిశ్శబ్దమైన గదికి ఇది చాలు. ఆఫీసు గోలగా ఉంటే మాత్రం నోటి దగ్గరికి మైకు వచ్చే యూఎస్‌బీ హెడ్‌సెట్‌ని మించింది లేదు. బడ్ మైకు చెవి దగ్గర ఉంటుంది, మాట పుట్టేది నోట్లో. ఆ జానెడు దూరాన్ని సాఫ్ట్‌వేర్ పూడ్చాలి.

వేపచెట్టు_నీడ
ఏడాదిగా బడ్స్ మైకుతోనే మాట్లాడుతున్నాను, ఒక్కరూ ఏమీ అనలేదు.

రాత్రి_షిఫ్ట్_రాణి
మొహమాటానికి అనరండీ. వంటింట్లో మిక్సీ వేయించి, పక్కన నిలబడి బడ్స్‌తో ఒక వాయిస్ మెసేజ్ రికార్డు చేసుకుని వినండి. కొన్నవెంటనే, వెనక్కిచ్చే గడువు దాటకముందే చేయాల్సిన పని ఇది.

వేపచెట్టు_నీడ
చేశాను. మిక్సీ తగ్గింది, నిజమే. దాంతోపాటు నా మాటల్లో సగం తినేసింది. రాణి గారు చెప్పిందే సరి.

సిగ్నల్_మాస్టారు
దీనికి మందు వస్తోంది. 2020లో బ్లూటూత్ 5.2తో ఎల్‌ఈ ఆడియో అనే కొత్త పద్ధతి, ఎల్‌సీ3 అనే కోడెక్ (ధ్వనిని కుదించి పంపే పద్ధతి) ప్రకటించారు. మైకు ఆన్‌లో ఉన్నా ధ్వని పడిపోకుండా చేయగలదు. కానీ బడ్స్‌లో ఉంటే చాలదు, ఫోనులోనో లాప్‌టాప్‌లోనో కూడా ఉండాలి. డబ్బా మీద ‘బ్లూటూత్ 5.3’ అని ఉన్నంత మాత్రాన ఎల్‌ఈ ఆడియో ఉన్నట్టు కాదు, ఆ పేరు విడిగా రాసి ఉందేమో చూడండి. మీకు ఇప్పటికిప్పుడు పనికొచ్చేది మల్టీపాయింట్. ఫోనుకీ లాప్‌టాప్‌కీ ఒకేసారి కలిసి ఉంటుంది, ప్రతిసారీ తెంపి అతికించే పని తప్పుతుంది.

మధురవాడ_పార్సిల్
అందరూ బడ్సే అంటన్నారు గానీ నెక్‌బ్యాండ్ మాటేటి? నేను రోజంతా పార్సిళ్లు ఇస్తాను, కస్టమర్లకి వందసార్లు ఫోను చెయ్యాలి. బడ్స్ కొన్న పదో రోజు ఒకటి జారి కాలవలో పడింది. నెక్‌బ్యాండ్ మెడలోనే ఉంటది, పోదు. పొద్దున చార్జింగ్ పెడితే మర్నాటి దాకా వస్తది. రేటు వెయ్యి, పదిహేనువందలు. ముఖ్యంగా డబ్బాలోంచి తీయడం, పెట్టడం ఉండదు.

గోరింటాకు
బండి నడుపుతూ రెండు చెవులూ మూసుకోకు తమ్ముడూ. వెనక లారీ వినపడాలి.

మధురవాడ_పార్సిల్
లేదక్కా. బండి ఆపాకే చెవిలో పెడతాను, మాట్లాడేసి తీసేస్తాను. మా పక్క వీధి కుర్రాడికి అలాగే దెబ్బ తగిలింది, చూశాక భయం పట్టుకుంది.

ఆర్కే_బీచ్_పరుగు
పార్సిల్ తమ్ముడూ, మీ పక్కే ఉంటాను. నాది వేరే గొడవ, చెమట. ఉదయం బీచ్ రోడ్డు మీద పది కిలోమీటర్లు. చెమటకి తట్టుకుంటాయని చెప్పిన జత ఐదు నెలలకే చార్జింగ్ ఎక్కడం మానేసింది. తెరిచి చూపిస్తే పిన్నులు పచ్చగా తుప్పు పట్టి ఉన్నాయి. అప్పుడు ఐపీ నంబర్లు చదవడం నేర్చుకున్నాను. మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. ఎక్స్ అని ఉంటే దానికి రేటింగు లేదని. ఐపీఎక్స్4 అంటే ఎటునుంచైనా చిందే నీటిని తట్టుకుంటుంది. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట. ఆ పరీక్షలన్నీ మంచినీళ్లతో చేస్తారు. మన చెమటలో ఉప్పుంది, విశాఖ గాలిలోనూ ఉప్పుంది. పరుగు అయ్యాక మెత్తటి గుడ్డతో తుడిచి, ఆరాకే డబ్బాలో పెడుతున్నాను.

ఇప్పుడు వాడేది షాక్స్ వాళ్ల బోన్ కండక్షన్. చెవిలోకి ఏమీ పోదు, చెవి ముందున్న ఎముక మీద ఆనుకుని కంపిస్తుంది. ఆటో వస్తోందో, కుక్క వెంటపడుతోందో వినపడుతుంది. బేస్ పలచన, మెట్రోలో అస్సలు పనికిరాదు. నాగోల్ గారికి చెప్పట్లేదు, ఇంకెవరైనా పరుగెత్తేవాళ్లు చదువుతారని రాశాను.

తొప్పి_వలంతల
సంగీతం కోసం కొనేవాళ్లు ఒక్క మాట వినండి. నేను మృదంగం నేర్చుకుంటున్నాను, తొమ్మిదేళ్లయింది. ఈ రేటులో నేను విన్నవి ఎక్కువభాగం బేస్ పెంచి పంపినవే. ఆ ట్యూనింగ్‌తో కచేరీ వింటే తొప్పి (మృదంగం ఎడమ ముఖం) గుమ్మనే గుంకారం గాత్రాన్ని మింగేస్తుంది, వలంతల (కుడి ముఖం) మీద చాపు దెబ్బ స్ఫుటంగా తెగదు, వీణ మీటు తర్వాత సాగే కార్వ అసలు వినిపించదు. యాప్‌లో ఈక్వలైజర్ ఉన్నదే తీసుకుని బేస్‌ని నడిపే కింది రెండు పట్టీలు తగ్గించాను, పాడేవాళ్లు ముందుకొచ్చారు. పాట చక్కగా వినాలనుకుంటే ఎల్‌డాక్ ఉన్నవి చూడండి, సోనీ తెచ్చిన కోడెక్. 990 కేబీపీఎస్ (సెకనుకి కిలోబిట్లు) దాకా వెళ్తుంది. ఐఫోనులో ఇది లేదు, అక్కడ ఏఏసీ.

సిగ్నల్_మాస్టారు
ఈక్వలైజర్ మాట నూటికి నూరు పాళ్లూ ఒప్పుకుంటాను. ఎల్‌డాక్ దగ్గర నాకు అభ్యంతరం. కిక్కిరిసిన మెట్రోలో వందమంది బ్లూటూత్ నడుమ 990 నిలబడదు, తెగుతుంది. అప్పుడు అది 660కో 330కో దిగాలి. అంత రొదలో ఆ తేడా పట్టే చెవి అరుదు. నాలుగు వేలలో కొనేవారికి నేను కోడెక్‌ని నాలుగో స్థానంలో పెడతాను.

తొప్పి_వలంతల
రాత్రి పదింటికి, గదిలో ఒక్కడినే వింటాను మాస్టారూ. నాకది తెలుస్తుంది. మెట్రోకి మీ మాటే.

ఇంకోటి, సాధన చేసేవాళ్లు బ్లూటూత్‌తో తాళం పెట్టుకుని తమ వాయింపు రికార్డు చేయకండి. ధ్వని చెవికి చేరేసరికి సెకనులో పదో వంతు, ఒక్కోసారి ఐదో వంతు ఆలస్యం. గేమింగ్ మోడ్ తగ్గిస్తుంది కానీ పూర్తిగా పోదు. కోర్వై (ముగింపులో వాయించే వరస) సమానికి (తాళం మొదటి దెబ్బకి) రాక నెల రోజులు నన్ను నేను తిట్టుకున్నాను, తప్పు బడ్స్‌ది. సాధనకి వైరే.

డాలస్_డాబా
మీ నాన్నగారి సంగతికి వస్తాను. మా నాన్నకి ఇక్కడి నుంచి ఖరీదైన జతే పంపాను, ఇదే టీవీ సమస్య. ఒకటి: వేలు తగిలితే ఆగిపోతుంది, రెండుసార్లు తగిలితే పాట మారుతుంది, ఆయనకది అర్థం కాక విసుగొచ్చింది. రెండు: వాళ్ల టీవీ బ్లూటూత్‌కి కలవగానే స్పీకర్లు మూగబోయాయి. నాన్న వింటుంటే అమ్మ బొమ్మలు చూస్తూ కూర్చుంది. మూడు: లుంగీ మడతలో పెట్టుకుని మర్చిపోయారు, వాషింగ్ మెషీన్‌లో రెండు రౌండ్లు తిరిగొచ్చాయి. మీ టీవీలో స్పీకరూ బ్లూటూత్ రెండూ ఒకేసారి నడుస్తాయేమో ముందు చూడండి. లేకపోతే ఆయన కుర్చీ పక్కన ఒక చిన్న వైరు స్పీకరు పెట్టడం మేలు.

కరీంనగర్_కాకా
లుంగీలకెళ్లి వాషింగ్ మెషీన్లకు! మా ఇంట్ల రిమోటే గట్ల పోయింది.

చెవి_ముక్కు_గొంతు
ఈఎన్‌టీ పీజీ చేస్తున్నాను. అందరూ బడ్స్ గురించే మాట్లాడుతున్నారు, 68 ఏళ్ల మనిషి టీవీ 45లో ఎందుకు పెట్టుకుంటున్నారని ఎవరూ అడగలేదు. దయచేసి కొనడానికి ముందు ఆయన్ని చూపించండి. గుబిలి గట్టిపడి అడ్డుపడినా వినికిడి తగ్గుతుంది, అది పది నిమిషాల్లో తీసేసే సమస్య. పిన్నులూ దూదిపుల్లలూ పెట్టి ఇంకా లోపలికి నెట్టొద్దు. గుబిలి లేకపోతే ఆడియోమెట్రీ చేస్తారు. గదిలో కూర్చోబెట్టి ఏ ఫ్రీక్వెన్సీ ఎంత శబ్దానికి వినపడుతోందో గీత గీసే పరీక్ష, నొప్పి ఉండదు.

వయసుతో వచ్చే లోపం సాధారణంగా ఎక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర మొదలవుతుంది. అచ్చులు బాగానే వినపడతాయి, స, శ, త, క లాంటి హల్లులు జారిపోతాయి. అందుకే పెద్దవాళ్లు ‘మాట వినపడుతోంది, అర్థం కావట్లేదు’ అంటారు. వాల్యూమ్ పెంచితే వినపడేది ఇంకా గట్టిగా వినపడుతుంది, జారేది జారుతూనే ఉంటుంది. ఏ ఫ్రీక్వెన్సీ తగ్గిందో కొలిచి దాన్నే పెంచేది వినికిడి యంత్రం. మామూలు బడ్స్ ఆ పని చేయవు, పైగా ఉన్న వినికిడిని కూడా దెబ్బతీసే ప్రమాదం.

మీకూ ఒక మాట. వాల్యూమ్ చివరిదాకా పెడతానన్నారు, రానూపోనూ రోజుకి రెండు గంటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటల దాకా వినొచ్చు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10. మీలాంటి ప్రయాణికులకి ఏఎన్‌సీ మంచిదనేది ఇందుకే. రొద తగ్గితే వాల్యూమ్ తగ్గించుకుంటారు. స్నానం చేసిన తడి చెవుల్లో మాత్రం రబ్బరు బిగించకండి, మన ఉక్కలో ఫంగస్ పట్టి దురదతో వచ్చేవాళ్లని వారంవారం చూస్తున్నాను.

నాగోల్_నుంచి_రాయదుర్గం
డాక్టరు గారూ, ఇది నాకు తట్టనే లేదు. అమ్మకి ఫోన్ చేశాను. కుక్కరు విజిల్ కూడా ఈ మధ్య ఆయనకి వినపడట్లేదంది. ఆయనేమో నాకేం బానే వినపడుతోంది, టీవీ వాళ్లే గొణుగుతున్నారంటున్నారు. వచ్చే శనివారం ఊరెళ్తున్నాను.

బెజవాడ_బ్యాటరీ
మీరు ఊరెళ్లొచ్చేలోపు నా మాట. ఫోన్ల రిపేరు షాపు నడుపుతాను. బడ్స్ ఎందుకు చస్తాయో రోజూ చూస్తున్నాను. ఒక్కో బడ్‌లో ఉండే బ్యాటరీ గోరంత. ఎంత మంచిదైనా కొన్ని వందల చార్జింగులకి నీరసపడుతుంది. రోజూ వాడితే రెండు, మూడేళ్లు అని రాసిపెట్టుకోండి. చాలా వాటిని అతికించి మూసేస్తారు, బ్యాటరీ మార్చడం కుదరదు. పాతికవేలదైనా రెండువేలదైనా ఈ విషయంలో ఒకటే. రెండేళ్లలో పోయేదానికి ఎంత పెట్టాలో మీరే లెక్కేసుకోండి.

నా దగ్గరికి ‘ఒకవైపు సౌండు తగ్గింది’ అని వచ్చేవాటిలో సగం పాడైనవి కావు. ధ్వని బయటికొచ్చే చోటున్న జాలీలో గుబిలి నిండి ఉంటుంది. టిప్పు తీసి, జాలీని కిందికి పెట్టి, పొడి మెత్తటి బ్రష్షుతో రుద్దండి. సూది పెట్టకండి, జాలీ చిరుగుతుంది. కొనేటప్పుడు బిల్లు మీద సీరియల్ నంబరు వేయించుకోండి. ఒక బడ్ పోతే ఒక్కటే అమ్ముతారా, ఎంతకి, అని షాపులోనే అడగండి. పేరున్న కంపెనీవి పదిహేనువందలకే అంటే అది ఫస్ట్ కాపీయే, అంటే నకిలీ. సీరియల్ నంబరు కూడా అసలుదానిదే అచ్చేస్తున్నారు, నంబరు సరిపోయిందని నమ్మకండి.

నాగోల్_నుంచి_రాయదుర్గం
మూడు వారాలైంది, ఏం జరిగిందో రాస్తానని అనుకున్నాను. నాన్నని గుంటూరు తీసుకెళ్లాం. కుడి చెవిలో గుబిలి బండరాయిలా ఉంది, తీసేశారు. ఇంటికొచ్చిన సాయంత్రం టీవీ 30లో పెట్టుకున్నారు. అమ్మ వంటింట్లోంచి వచ్చి, టీవీ కట్టేశారా అని చూసి వెళ్లింది. ఆడియోమెట్రీలో రెండు చెవులకీ వయసుతో వచ్చిన లోపం కొంత ఉందన్నారు, డాక్టరు గారు చెప్పినట్టే పైన ఫ్రీక్వెన్సీల్లో. వినికిడి యంత్రం నెలాఖరుకి ట్రయల్ చేద్దామన్నారు. నాన్న మొదట వద్దన్నారు. మనవరాలు ఫోన్‌లో మాట్లాడితే సగం అర్థం కావట్లేదని అప్పుడు చెప్పారు నాన్న, ఆమాట మాకెవరికీ ఇన్నాళ్లూ చెప్పలేదు. ట్రయల్‌కి ఒప్పుకున్నారు. ఆయన కోసం అనుకున్న నాలుగు వేలు దానికే పక్కన పెట్టాను.

నాకు మాత్రం ఏఎన్‌సీ, మల్టీపాయింట్, యాప్‌లో ఈక్వలైజర్ ఉన్న జత 3,200కి తీసుకున్నాను. షాపులోనే ‘ఊఁ’ అని చూశాను. కుడికి చిన్న టిప్పు, ఎడమకి పెద్దది పట్టింది. మెట్రోలో వాల్యూమ్ సగానికి పైన పెట్టాల్సిన పని రావట్లేదు. కాల్స్‌కి లాప్‌టాప్ మైకే.

గోరింటాకు
చెవికొక సైజా! నేనెప్పుడూ రెండూ ఒకటే పెట్టి చూశాను. ఇప్పుడే మార్చి చూస్తాను.

రాత్రి_షిఫ్ట్_రాణి
నాన్నగారి ట్రయల్ ఎలా అయిందో రాయండి. మా అత్తగారిని కూడా తీసుకెళ్లాలి, ఆవిడా అచ్చం అదే మాటంటుంది, టీవీ వాళ్లు గొణుగుతున్నారని.

కరీంనగర్_కాకా
మిగిలిన రబ్బర్లు పారెయ్యకు బిడ్డా. గవి బస్సుల రాలిపోతుంటయి, ఒక జత పర్సుల పెట్టుకో.